రక్తం చెప్పిన మాట, మేము విన్న వరసలు

ఇది రాసి పెట్టాలని అనిపించడానికి కారణం ఒక్కటే. మెదడులో రక్తనాళం చిట్లిన మనిషిని మా వైపు జనం ఎలా పలకరిస్తారో, ఆ పలకరింపులో ఏది కనపడకుండా పోతుందో, డాక్టర్లు రాసిన పుస్తకాల్లో లేదు. నేను వెతికాను. మా మార్కాపురం గ్రంథాలయంలో ఆరోగ్యం బీరువాలో ఉన్నవన్నీ తిరగేశాను. రక్త పరీక్షలో ఏ కణం పెరిగితే ఏ ప్రమాదం రావచ్చో చెప్పినవి దొరికాయి. మంచం చుట్టూ నిలబడ్డ చుట్టాలు ఏం అడగాలో, ఏం అడిగితే లాభం లేదో చెప్పింది దొరకలేదు. నా భార్య విషయంలో జరిగింది రేపు కంభంలోనో, పామూరులోనో, చంద్రశేఖరపురం పక్క పల్లెలోనో మరొక ఇంట్లో జరగవచ్చు. వాళ్ల కోసం రాస్తున్నాను. ఎవరినీ తప్పు పట్టడానికి కాదు. అందుకే ఇందులో ఎవరి పేరూ ఉండదు.

నేను పదో తరగతి దగ్గర ఆగిపోయినవాణ్ణి. పలకల ఫ్యాక్టరీలో చెక్క చట్రాలు బిగించే పనిలో ఉన్నప్పుడు, మధ్యాహ్నం అన్నం తిన్నాక కాసేపు గ్రంథాలయానికి పోయేవాణ్ణి. చదువు మీద ప్రేమతో మొదలుపెట్టలేదు, అక్కడ ఫ్యాన్ ఉండేది. ఫ్యాన్ కింద ఊరికే కూర్చుంటే గ్రంథపాలకుడు ఊరుకోడు కాబట్టి ఏదో ఒకటి చేతిలో పట్టుకోవాలి. అలా పట్టుకున్నది వదలలేదు. ఫ్యాక్టరీ మూతపడ్డాక స్టీలు సామాన్ల దుకాణం పెట్టుకున్నాను గానీ సాయంత్రం గ్రంథాలయం మానలేదు. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు చదవడం నేర్చుకున్నాను. మా బజారులో ఎవరికైనా మందుల చీటీ అర్థం కాకపోతే నా దగ్గరికే తెస్తారు. ఇది చెప్పుకోవడం నాకు ఇష్టమే.

నా భార్య నా మేనమామ కూతురు. కంభంలో పుట్టి పెరిగింది. పెళ్లికి ముందూ, తర్వాతా నన్ను బావా అనే పిలిచింది. ఇంట్లో ఆమెదే నోరు. నేను గ్రంథాలయం నుంచి ఆలస్యంగా వస్తే గడపలోనే ఆపి, "ఏం బావా, ఈ పొద్దు పుస్తకంలో అన్నం పెట్టలేదా?" అనేది. దుకాణానికి వచ్చిన ఆడవాళ్లు గిన్నె కొనకపోయినా ఆమెతో నాలుగు మాటలాడి పోయేవాళ్లు. ఆమె ఎగతాళి చేస్తే ఎవరికీ కోపం వచ్చేది కాదు. ఎగతాళి చేశాక ఓరకంట చూసేది, మాట తగిలిందా లేదా అని. తగిలిందని తెలిస్తే మూతి బిగించి నవ్వు ఆపుకునేది.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక ఉదయం పక్కింటామెతో కలిసి అరుగు మీద చింతపండులో గింజలు తీస్తూ కూర్చుంది. బీపీ మాత్ర వేసుకుంటే కళ్లు తిరుగుతున్నాయని ఆ వారం దాన్ని ఆపేసిందట, నాకు తెలియదు. "తల పగిలిపోతాందక్కా" అని పక్కింటామె మీదికి వాలింది. ఎడమ చేయి జారిపోయింది. నన్ను దుకాణం నుంచి పిలుచుకొచ్చేసరికి వాంతి చేసుకుని, మాట ముద్దగా వస్తోంది. అంబులెన్స్‌లో పొదిలి మీదుగా ఒంగోలు తీసుకుపోయాం. జిల్లాను ఎన్ని ముక్కలు చేసినా మాకు ఒంగోలు దగ్గర కాలేదు. దారి పొడుగునా ఆమె కుడి చేయి పట్టుకుని కూర్చున్నాను. ఆ చేయి నా వేళ్లను గట్టిగా పట్టుకునే ఉంది, అదే ధైర్యం.

స్కాన్‌లో మెదడు కుడివైపు లోతుగా రక్తం గడ్డకట్టి కనిపించింది. అందులో కొంచెం, మెదడు మధ్యలో నీళ్లుండే గదుల్లోకి కూడా కారింది. ఆపరేషన్ అవసరం లేదన్నారు. ఐసీయూలో ఉంచి బీపీ తగ్గించారు. రోజు రోజుకూ మాట తేటపడింది. ఎడమ కాలూ చేయీ మాత్రం బరువుగానే ఉండిపోయాయి. గండం పూర్తిగా దాటలేదని, రెండు వారాల దాకా ఏదైనా రావచ్చని అక్కడి డాక్టరు చెప్పాడు. వాపు రావచ్చు, నీళ్లు నిలిచిపోవచ్చు, ఊపిరితిత్తులకు జబ్బు పట్టవచ్చు. మార్కాపురంలో తనకు తెలిసిన డాక్టరు దగ్గర పెట్టి, రక్త పరీక్షలు చేయిస్తూ కనిపెట్టుకుని ఉండమన్నాడు. ఆమె మిగులుతుందా, మిగిలితే ఆమెగానే మిగులుతుందా అన్నది ఆ రెండు వారాల్లో తేలాలి.

మార్కాపురం డాక్టరు నడివయసువాడు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. మొదటి రిపోర్టు వచ్చినప్పుడు నేను అడిగాను.

"సార్, న్యూట్రోఫిల్స్ ఎక్కువున్నాయి, లింఫోసైట్స్ తగ్గినాయి. ఈ రెండిటి నిష్పత్తి చూస్తారంట గదా?"

ఆయన కాగితం మీద నుంచి తలెత్తాడు. "మీరేం చేస్తుంటారు?"

"గిన్నెల దుకాణం సార్. చదువు గ్రంథాలయంలో."

ఆయన నవ్వి స్టూలు చూపించాడు. ఆ రోజు చెప్పింది నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. రక్తంలోని తెల్లకణాల్లో ఒక రకం, అంటే న్యూట్రోఫిల్స్, మంట లేవగానే బిందెలతో పరుగెత్తేవాళ్లలాంటివి. మెదడులో రక్తం కారితే అవే ముందు పోతాయి. మంట ఆర్పే తొందరలో పక్కింటి కప్పు కూడా తొక్కుతాయి. రెండో రకం, అంటే లింఫోసైట్స్, నిదానస్తులు. మొదటివి పెరిగి రెండోవి తగ్గుతూ పోతే లోపల వాపో, ఇన్ఫెక్షనో, ఇంకేదో తయారవుతోందని అనుమానించాలి. సి.ఆర్.పి. అనే మరొకటి పెరిగినా అంతే. సోడియం, అంటే ఒంట్లో ఉప్పు, పడిపోతే మనిషి మబ్బుగా అయిపోతుంది.

"అయితే ముందే తెలిసిపోతాది గదా సార్."

"వానకు ముందు చీమలు గుడ్లు మోసుకుపోతాయి, చూశారా? చీమల్ని చూసి వాన వస్తుందనుకోవచ్చు. ఎప్పుడు, ఎక్కడ పడుతుందో చీమ చెప్పదు. కాగితం నేను చూస్తాను. మనిషిని మీరు చూడండి. ఆమె ఎప్పుడూ ఉండే తీరుకు ఏ కాస్త తేడా వచ్చినా నాకు చెప్పండి. మగతగా ఉన్నా, మనిషిని పోల్చుకోలేకపోయినా సరే."

నేను రెండూ చూడాలనుకున్నాను. రెండు రోజులకొకసారి రిపోర్టు వస్తే అక్కడే నిలబడి ఒక అంకెను ఇంకొకదానితో భాగించి చూసుకునేవాణ్ణి. మొదట్లో అది నిలకడగా ఉంది. నా భార్య దిండుకు ఆనుకుని అంతా గమనించేది.

"ఏమంటాది బావా నా రక్తం?"

"ఇప్పటికైతే మంచిదే అంటాది."

"పంచాంగం చదివినట్ల చదువుతాండావు. అట్లనే ఎండలు ఎప్పుడు తగ్గుతాయో గూడా చూడు."

ఆమెను ఇంటికి దగ్గరగా తెచ్చామని తెలియగానే జనం మొదలయ్యారు. మా వైపు జబ్బుపడ్డ మనిషిని చూడకపోతే ఆ మాట జీవితాంతం ఉండిపోతుంది. బ్రెడ్డు ప్యాకెట్లు, బత్తాయిలు, కొబ్బరిబోండాలు మంచం కింద పేరుకున్నాయి. గిద్దలూరు నుంచి మా కూతురు పిల్లల్ని అత్త దగ్గర వదిలి వచ్చింది. కంభం నుంచి వదిన, అంటే నా భార్య పెద్దక్క, పొద్దుటి రైలుకు దిగి గది తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. వచ్చినవాళ్లను లోపలికి పంపేది ఆమే, బయటికి తరిమేది ఆమే.

వచ్చిన ప్రతి మనిషీ అడిగేది ఒకటే. మంచం కాళ్ల దగ్గర నిలబడి, కొంచెం వంగి, గట్టిగా, చెవిటివాళ్లతో మాట్లాడినట్టు, "నేనెవరో గుర్తుపట్టినావా?" అంటారు. ఆమె జవాబు చెప్పేదాకా గదిలో అందరూ ఊపిరి బిగబట్టి చూస్తారు. చెప్పగానే హమ్మయ్య అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

మొదటి రోజుల్లో ఆమె జవాబులు వినడానికే వచ్చినట్టు ఉండేవాళ్లు. మా బజారులో బట్టల దుకాణం ఆమె వచ్చి అడిగింది.

"ఎవురో చెప్పుకో చూద్దాం."

"నువ్వా? ఉగాదికి బూరెల గుండిగ తీసకపోయి ఇంతవరకు ఇయ్యనిదానివి. తలకాయలో నరం తెగినా గుండిగ మర్చిపోతానా వదినా?"

గదంతా నవ్వింది. గుండిగ ఆ సాయంత్రమే ఇంటికి చేరిందని పక్కింటామె చెప్పింది. నర్సు వచ్చి ఇంతమంది ఉండకూడదంటే, వదిన ఆమెకు ఒక బత్తాయి ఇచ్చి పంపించింది.

తర్వాత వచ్చిన రిపోర్టులో ఆ నిష్పత్తి పెరిగింది. మరొకటి వచ్చేసరికి మొదటిదానికి రెండింతలు దాటింది. సి.ఆర్.పి. కూడా పెరిగింది, సోడియం దిగింది. జ్వరం లేదు. డాక్టరు ఛాతీ విన్నాడు, ఎక్స్‌రే తీయించాడు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. సెలైన్‌లో ఉప్పు ఎక్కించడం మొదలుపెట్టాడు. "చీమలు కదులుతున్నాయి" అన్నాడు నాతో, నవ్వకుండా. "మనిషెలా ఉంది?"

బాగానే ఉంది సార్ అన్నాను. నేను చూసినంతలో బాగానే ఉంది. కొంచెం ఎక్కువ పడుకుంటోంది గానీ రాత్రిళ్లు నిద్ర లేదు కదా అనుకున్నాం. అయినా ఆ అంకెలను మళ్లీ భాగించి చూశాను. గది బయట కాగితం పట్టుకుని నిలబడితే వదిన చూసింది.

"మరిదీ, ఆ కాగితాలు మడిచి జోబిలో పెట్టుకో. నా చెల్లెలు పొద్దన్నుంచి వచ్చినోళ్లనందరినీ గుర్తుపట్టినాది. మనిషి నోటితో చెప్తాంటే నీకు రక్తం చెప్పేది ఎక్కువాయనా?"

"ఉప్పు తగ్గిందంట వదినా. అదే భయం."

"ఉప్పు తగ్గితే ఊరగాయ పెట్టు. దానికి గూడా పుస్తకం చూడల్నా?"

అక్కడున్నవాళ్లు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వులో కొంత ఊరట ఉంది, దాచుకోవలసిన పని లేదు. అంకెల కంటే ఆమె మాటను నమ్మాలని ఎవరికుండదు?

ఇప్పుడు తలుచుకుంటే, అంకెలు పెరిగిన ఆ రెండు మూడు రోజుల జవాబులు వేరు. గుండిగ మాట లేదు. ఎవరి పెళ్లిలో ఎవరు అలిగారన్న మాట లేదు. "రా అత్తా, ఎప్పుడొచ్చినావు, కూర్చో." "బాగుండావా పిల్లా, కాఫీ తాగినావా?" అంతే. మా వైపు ఎవరినైనా ఏదో ఒక వరసతో పిలవడమే గానీ పేరుతో పిలవడం లేదు. తల నెరిసిన ఆడమనిషైతే అత్త, నడివయసైతే అక్క, చిన్నదైతే పిల్ల. మొహం చూస్తే వయసు తెలుస్తుంది. వయసు తెలిస్తే వరస దానంతటదే నోటికి వస్తుంది. ఆ వచ్చిన మనిషి ఎవరో తెలియనక్కరలేదు. అత్తా అని పిలిపించుకున్న మనిషి, "చూసినావా, నన్ను గుర్తుపట్టినాది" అని కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చేది.

ఆమె ఎవరినీ మోసం చేయలేదు. వచ్చినవాళ్లను వరస పెట్టి పిలిచి, కూర్చోమని, కాఫీ అడగడం ఆమెకు ఊపిరి తీసినంత అలవాటు. లోపల జ్ఞాపకం కదిలిపోతున్నా మర్యాద కదలలేదు. ఆ మర్యాదే మాకు అడ్డం వచ్చింది.

డాక్టరు కూడా ఊరికే ఉండలేదు. రిపోర్టు చూసిన సాయంత్రమే రౌండ్లకు వచ్చినప్పుడు మంచం పక్కన కూర్చుని అడిగాడట. నేను ల్యాబ్ దగ్గర ఉన్నాను. వచ్చాక వదిన నటించి మరీ చూపించింది.

"పేరు చెప్పమ్మా" అంటే చెప్పింది.

"ఇదెక్కడ?"

"ఆసుపత్రి గదా నాయనా."

"ఈమె ఎవరు?" అని వదినను చూపించాడు.

"మా అక్క."

"మీవారి పేరేంటి?"

నా భార్య తల వంచుకుని, కుడిచేత్తో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. గదిలో ఆడవాళ్లంతా పకపకమన్నారు. "అడగరాని మాట అడిగినావు సార్. మనవరాళ్లు పుట్టినా మా ఇండ్లల్లో మొగుని పేరు నోట రాదు" అంది వదిన. డాక్టరు కూడా నవ్వి లేచాడు.

ఇందులో అనుమానించడానికి ఏముంది? ఆధార్ కార్డు తీసుకునేటప్పుడు భర్త పేరు అడిగితే నా వైపు వేలు చూపించి, "ఆయన్నే అడుగు" అన్న మనిషి ఆమె. వదిన చెబుతుంటే నేను సిగ్గుపడ్డాను. ఆ వయసులో సిగ్గు ఏమిటో. ఆమె నా పేరు చెప్పకుండా నవ్విందని విని సంతోషపడ్డాను. ఆ నవ్వు వెనక పేరు ఉందా లేదా అన్నది ఎవరికీ తట్టలేదు.

మరునాడు మధ్యాహ్నం ఫ్లాస్కులో వేడినీళ్లు పట్టుకుని గదిలోకి పోయాను. ఆమె దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. కూతురు తల దువ్వుతోంది. వదిన, మరో ఇద్దరు ఆడవాళ్లు గోడ వారన ఉన్నారు. నా భార్య నన్ను చూసి మొహం విప్పార్చింది.

"రా అన్నా, కూర్చో. ఎప్పుడొచ్చినావు? మా ఇంటాయన ఇప్పుడే బయటికి పోయినాడు. వస్తాడు."

వదిన తొడ చరుచుకుని నవ్వింది. "చూడండే దీని వేషాలు. మొగుణ్ణి పట్టుకుని అన్న అంటాది."

కూతురు కూడా నవ్వింది. "అమ్మా, నాయన పుస్తకాల పిచ్చి చూసి వరస మార్చేసినావా?"

నేనూ నవ్వబోయాను. ఆమె కళ్లు చూశాను. ఎగతాళి చేసినప్పుడు ఓరకంట చూసే చూపు లేదు. మాట తగిలిందా అని ఆగలేదు. ఇంటికి వచ్చిన మొగమనిషిని ఎంతసేపు చూడాలో అంతే చూసి, చూపు తిప్పుకుని, కొంగు సర్దుకుని, కూతురితో అంది.

"అన్నకు కాఫీ పెట్టు తల్లీ. ఎండలో వచ్చినాడు."

మా వైపు ఆడది మొగుణ్ణి ఎన్ని మాటలైనా అంటుంది. ముసలోడా అంటుంది, మొద్దు అంటుంది, పోయి నూతిలో పడమంటుంది. ఆ ఒక్క వరస మాత్రం ఎగతాళికి కూడా కలపదు.

"నవ్వొద్దు వదినా" అన్నాను. ఫ్లాస్కు ఎక్కడ పెట్టానో గుర్తులేదు. డాక్టరు గది ముందు క్యూలో ఉన్నవాళ్లను దాటుకుని లోపలికి పోయి, "నన్ను అన్నా అంది సార్" అన్నాను. కోస్తా మనిషైనా ఆయనకు ఇంకేమీ చెప్పనక్కరలేకపోయింది.

ఈసారి ఆయన వరసలు అడగలేదు. గదిలో ఉన్న ఒక్కొక్కరిని చూపించి, ఈమె పేరేమిటి, ఏ ఊరు, మీ ఇంట్లో ఏం చేస్తుంది అని అడిగాడు. నా భార్య ప్రతి ప్రశ్నకూ మర్యాదగా నవ్వింది. వదిన పేరు చెప్పలేదు. కూతురిని చూపించి ఈ అమ్మాయి ఎవరంటే, "మంచి పిల్ల సార్, పొద్దన్నుంచి నాకు చేస్తాంది" అంది. దువ్వెన చేతిలో ఉండగానే మా కూతురు గోడకు తిరిగింది.

మార్కాపురంలోనే స్కాన్ తీశారు. మెదడు మధ్య గదుల్లో నీళ్లు పోయే దారి మూసుకుని, గదులు ఉబ్బి, చుట్టూ ఉన్న మెదడును నొక్కుతున్నాయి. అరగంటలో ఆపరేషన్ కోసం గుంటూరుకు బయలుదేరాం. అంబులెన్స్ ఎక్కించేటప్పుడు డాక్టరును అడిగాను.

"నిన్ననే కనిపెట్టి ఉంటే సార్?"

ఆయన స్కాన్ కవరు నా చేతికిచ్చాడు. "తెలియదు. మీకు ధైర్యం చెప్పడానికి అనడం లేదు, నిజంగానే తెలియదు. రక్తం ఏదో జరుగుతోందని చెప్పింది. ఏది జరుగుతోందో చెప్పలేదు."

ఈ జవాబునే నేను పట్టుకుని ఉన్నాను. దీన్ని మించినది తర్వాత ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

గుంటూరులో తలకు చిన్న రంధ్రం చేసి గొట్టం పెట్టారు. నీళ్లు దిగాయి. ఆమె బతికింది. కర్ర పట్టుకుని నాలుగు అడుగులు వేసేటంత కోలుకుంది. వానలు పడేనాటికి ఇంటికి తెచ్చాం. ఇల్లు గుర్తుంది. ఉప్పు డబ్బా ఎక్కడుందో గుర్తుంది. కంభం చెరువు కట్ట మీద చిన్నప్పుడు పరుగెత్తింది గుర్తుంది. కూతురు ఒక్కోరోజు గుర్తుండేది, ఒక్కోరోజు ఉండేది కాదు. నేను మాత్రం అన్ననే.

వదిన కొన్నాళ్లు ఊరుకోలేదు. నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, "సరిగ్గా చూడవే. నీ మొగుడే" అని చెప్పేది. నా భార్య సిగ్గుతో చచ్చిపోయి, కొంగు తల మీదికి లాక్కుని ఏడ్చేది. "పరాయి మొగోణ్ణి ముందర పెట్టుకుని అట్ల అంటావేంది అక్కా" అనేది. ఆమె అలా ముడుచుకుపోవడం నేను చూడలేకపోయాను. ఇంక చెప్పొద్దని వదినను బతిమాలాను. నా మంచం ముందు వసారాలోకి మార్చుకున్నాను. ఆమె ఒళ్లు తుడవడం, బట్టలు మార్చడం పక్కింటామె, వచ్చి ఉన్న రోజుల్లో కూతురు చూసుకున్నారు. పరాయి మొగమనిషి చేయి తగిలితే ఆమె బెదిరిపోయేది, నేను దూరంగా ఉండేవాణ్ణి. ఆమెకు అన్నం కలిపి గిన్నె గడప దగ్గర పెట్టి, "అమ్మా, తిను" అనేవాణ్ణి. వరస మార్చి పిలవడం నాకూ నోటికి అలవాటైంది.

మధ్యాహ్నాలు దుకాణం మూసి వచ్చి ఆమెకు కొంచెం దూరంలో కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. చుట్టంతో మాట్లాడినట్టు మాట్లాడేది.

"నువ్వు ఎవరి తాలూకు, అన్నా?"

"మీ ఇంటాయన తాలూకే."

"ఆయనతో పనుండి వచ్చినావా? ఇప్పుడప్పుడే రాడు. గ్రంథాలయంలో కూర్చోని ఉంటాడు. పుస్తకం దొరికితే ఆకలి గూడా ఎరగడు."

"అట్లనా."

"అట్లనే. తెలివైనోడులే. బజారులో అందరూ ఆయన్నే అడుగుతారు. నేను మొకం మీద ఎప్పుడూ చెప్పలా, గర్వం వస్తాదని." కొంచెం ఆగి, "పోయి చెప్పన్నా, అన్నం చల్లారిపోతాందని" అంది.

నేను లేచి చెప్పులు వేసుకుని వీధి చివరి దాకా నడిచాను. కిళ్లీకొట్టు దగ్గర కాసేపు నిలబడి తిరిగి వచ్చాను.

"చెప్పినాను. వస్తానన్నాడు."

"వస్తాడులే" అంది. చాలా తృప్తిగా అంది.

ఆ తర్వాత అలా చాలాసార్లు పోయి వచ్చాను. ప్రతిసారీ ఆమె నా గురించి నాకు ఏదో ఒకటి చెప్పేది. నాకు వంకాయ పడదని, వేసవిలో ముక్కులోంచి రక్తం కారుతుందని, కూతురు పెళ్లిలో పందిరి వెనక నిలబడి ఏడ్చానని. అన్నేళ్ల కాపురంలో నాతో అనని మాటలు వచ్చిపోయే చుట్టంతో అనేది. నేను తలాడించి వినేవాణ్ణి. ఆ మాటలు విన్నప్పుడు నేనే ఆ మనిషినని చెప్పాలని గొంతు దాకా వచ్చేది. చెబితే కొంగు లాక్కుని ఏడుస్తుంది. చెప్పకపోతే రేపు ఇంకొక మాట చెబుతుంది.

చలికాలంలో దగ్గు పట్టుకుంది. మింగేటప్పుడు పొలమారేది. అదే డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. రిపోర్టు నా చేతికే ఇచ్చారు. నేను అక్కడే నిలబడి ఒక అంకెను ఇంకొకదానితో భాగించాను. మునుపు ఎప్పుడూ చూడనంత వచ్చింది. డాక్టరు కాగితం చూసి, నా మొహం చూసి, మళ్లీ కాగితం చూశాడు. ఊపిరితిత్తులు రెండూ పట్టేశాయి. మందులు మార్చి చూశాడు. ఈసారి రక్తం చెప్పిందానికి, మనిషి చెప్పిందానికి తేడా లేదు. ముందే తెలియడం వల్ల ఒరిగింది ఒకటుంది. కంభానికి, గిద్దలూరుకు ఫోన్ చేసి రమ్మనడానికి వేళ దొరికింది.

వదిన ఆసుపత్రికి వచ్చి మంచం మీద కూర్చుని చెల్లెలి పాదాలు ఒళ్లో పెట్టుకుంది. ఏమీ అడగలేదు. నేను గడప దగ్గరే నిలబడ్డాను. దగ్గరికి పోతే ఆయాసంలో కూడా కొంగు కోసం వెతుక్కుంటుందేమోనని భయం. చివరికి కళ్లు మూతపడి, ఇంక తెరవదని డాక్టరు చెప్పాక, దగ్గరికి పోయి కూర్చున్నాను. ఒంగోలు దారిలో నా వేళ్లు గట్టిగా పట్టుకున్న చేయి అది. పట్టుకుంటే ఈసారి విడిపించుకోలేదు. పట్టుకోనూ లేదు. ఆసుపత్రి వాకిట్లో ఎండ ఉండగానే పోయింది.

ఇందులో సాయం చేసినవాళ్లకు దండం పెట్టి ఆపుతాను. పేర్లు రాయనన్నాను కాబట్టి ఎవరికి వారు తెలుసుకుంటారు. తెలియనిదాన్ని తెలియదని చెప్పిన మార్కాపురం డాక్టరుకు. గుంటూరు దాకా ఎక్కడా ఆగకుండా తోలిన అంబులెన్స్ డ్రైవరుకు. బయటికి ఇవ్వకూడని లావు పుస్తకాన్ని ఆసుపత్రికి తీసుకుపోనిచ్చిన ఇప్పటి గ్రంథపాలకురాలికి. నెలల తరబడి నా భార్యకు తల స్నానం చేయించి, నా ఇంట్లో నేను తలెత్తుకుని తిరిగేలా చూసిన పక్కింటి వదినకు. మా దుకాణం తాళంచెవి తీసుకుని తమదిగా చూసుకున్న బట్టల దుకాణం వాళ్లకు. నవ్వించినందుకూ, తర్వాత నవ్వు మానుకున్నందుకూ కంభం వదినకు. ఆఖరున నా కూతురికి. తనను గుర్తుపట్టని రోజుల్లోనూ మంచి పిల్ల అన్న మాట తల్లి నోట చివరిదాకా విన్నది, అది చాలు నాయనా అంటుంది. ఇది చదివితే, "నాకు గూడా దండం పెడతావా, ఏంది నాయనా" అని కసురుకుంటుంది. అయినా రాస్తున్నాను.